ఎనభై డాలర్ల సీక్రెట్లు

2000 జులైలో మా నాన్న ఒక్కడే అమెరికా వచ్చాడు. ఇద్దరూ రావాల్సింది, అక్క పురిటికి అమ్మ విజయవాడలో ఉండిపోయింది, నాన్న టికెట్ క్యాన్సిల్ చేస్తే డబ్బులు తిరిగి రావన్నారని ఆయన మాత్రం రెండు సూట్‌కేసులేసుకుని దిగిపోయాడు, అందులో ఒక సూట్‌కేసు మొత్తం ఆవకాయ, కందిపొడి, సున్నుండలే. నేనప్పుడు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉండేవాణ్ణి, వన్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్, పెళ్ళి కాలేదు, నడుముకి ఒక పేజరు. ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగం. రాత్రి రెండింటికి బ్యాచ్ జాబులు, అంటే కంప్యూటర్ తనంతట తానే వరసగా చేసుకుపోయే పనులు, నడిచేవి, అవి సవ్యంగా అయిపోయాయో లేదో చూసుకుని పడుకోవాలి, ఏదైనా పడిపోతే డయలప్‌లో లాగిన్ అయి మళ్ళీ లేపాలి. అన్నీ సర్దుకునేసరికి మూడయ్యేది, అప్పటికి నిద్ర ఎగిరిపోయేది.

మన మూడింటికి నాన్నకి మధ్యాహ్నం పన్నెండున్నర. జెట్‌ల్యాగ్ అంటే ఏంటో ఆయన్ని చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది. నలభై ఏళ్ళ పాటు స్కూల్లో లంచ్ బెల్లుకి అన్నం తిన్న కడుపు, దానికి ఎడిసనూ తెలీదు న్యూజెర్సీ తెలీదు, టైముకి కేక పెడుతుంది. నేను హాల్లో టీవీ ముందు కూర్చుని ఉంటే మెల్లగా తలుపు తీసుకుని వచ్చి, ఫ్రిజ్‌లో పెరుగు తీసి, రైస్ కుక్కర్లో మిగిలిన అన్నం కలుపుకుని, ఆవకాయ ముక్క అంచున పెట్టుకుని నా పక్కన కూర్చునేవాడు. "ఏంట్రా ఇది, మన దూరదర్శన్‌లాగా బ్లాక్ అండ్ వైటూ" అన్నాడు మొదటి రోజు.

కేబుల్లో పాత గేమ్ షోలు మాత్రమే వేసే చానల్ ఒకటుండేది, ఆ టైముకి 50ల్లో 60ల్లో వచ్చినవి వేసేవాళ్ళు. అందులో ఒకటి ఐవ్ గాట్ ఎ సీక్రెట్. ఆ పేరు తెలుగులో చెప్పమంటే "నా దగ్గర ఓ గుట్టుంది" అని నాన్నే చెప్పాడు, నేను రహస్యం అంటే "రహస్యం అంటే మంత్రుల దగ్గరుండేది, ఇలాంటి వాళ్ళ దగ్గరుండేది గుట్టే" అన్నాడు. ఆ మాట నిజమే, ఆ షో అంతా గుట్టే.

ఆట చాలా సింపుల్. ఒక మనిషి వచ్చి కూర్చుంటాడు. గ్యారీ మూర్ అని క్రాఫు బాగా పొట్టిగా కొట్టించుకుని బో టై కట్టుకునే ఆయన హోస్టు. వచ్చినాయన గ్యారీ మూర్ చెవిలో తన గుట్టు గుసగుసగా చెప్తాడు, అదే టైములో అది మనకి స్క్రీన్ మీద అక్షరాల్లో పడుతుంది, హాల్లో కూర్చున్న జనం చూసి నవ్వుతారు లేదా చప్పట్లు కొడతారు. తెలియనిది ఎదురుగా కూర్చున్న నలుగురు పానెల్ వాళ్ళకి మాత్రమే. వాళ్ళు అవును కాదు అని జవాబొచ్చే ప్రశ్నలు వేసి పట్టుకోవాలి, ఒక్కొక్కళ్ళకీ కొంచెం టైమిస్తారు, బజర్ మోగితే అయిపోయినట్టే, వచ్చినాయనకి ఇరవై డాలర్లు. నలుగురూ ఓడిపోతే ఎనభై. అంతే, అంతకంటే ప్రైజు లేదు, పైగా స్పాన్సరు విన్‌స్టన్ సిగరెట్లు కాబట్టి ఒక కార్టన్ సిగరెట్లు చేతిలో పెట్టి పంపేవాళ్ళు.

నాన్న వచ్చిన ఆ నెలలోనే ఇండియాలో కౌన్ బనేగా కరోడ్‌పతి మొదలైంది, జులై 3న. ఆదివారాలు ఫోన్ కార్డు గీకి మాట్లాడితే అమ్మ పాప గురించి రెండు ముక్కలూ అమితాబ్ గురించి పది ముక్కలూ చెప్పేది, కోటి రూపాయలట, వీధిలో ఆ టైముకి మనిషి కనపడట్లేదట. నాన్న ఫోన్ పెట్టేసి "అక్కడ కోటి, ఇక్కడ ఎనభై డాలర్లు, మనం తప్పు దేశానికొచ్చాం రా" అని నవ్వేవాడు. కానీ లెక్కల మాస్టారు కదా, అంతటితో వదలడు. 50ల్లో డాలరంటే నాలుగు రూపాయల ముప్పావు, ఎనభై అంటే 380 రూపాయలు, "నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాలుగైదు నెలల జీతం, తక్కువేం కాదు" అని తేల్చాడు.

ఈ షో సీబీఎస్‌లో 1952 జూన్‌లో మొదలై 1967 ఏప్రిల్ దాకా నడిచింది. దీనికంటే ముందు, 1950లో, అదే కంపెనీ, గుడ్‌సన్ టాడ్‌మన్ వాళ్ళది, వాట్స్ మై లైన్ అని ఇంకోటి మొదలైంది, అందులో వచ్చినాయన ఏం ఉద్యోగం చేస్తాడో కనుక్కోవాలి, సెలబ్రిటీ వస్తే పానెల్ వాళ్ళ కళ్ళకి గంతలు కడతారు. అది కాస్త సూటూ బూటూ వేసుకున్న పెద్దింటి వ్యవహారంలా ఉండేది. నాకు ఈ సీక్రెట్ షోనే ఇష్టం. వీళ్ళు ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకునేవాళ్ళు, కెమెరా ముందే సిగరెట్లు కాల్చేవాళ్ళు. నాన్నకి అది మింగుడుపడలేదు, "టీవీలో కూర్చుని పొగ వదులుతున్నార్రా, ఆడవాళ్ళ ముందు" అన్నాడు, ఆ ఆడవాళ్ళు కూడా కాలుస్తున్నారని చూపిస్తే పెరుగన్నం వైపు చూసుకుంటూ ఊరుకున్నాడు.

పానెల్లో బిల్ కల్లెన్ అనే ఆయన మాకిద్దరికీ ఫేవరెట్. కళ్ళజోడు, ముఖం నిండా నవ్వు, ప్రశ్నలు మాత్రం కత్తిలాంటివి. హెన్రీ మోర్గన్ ఎప్పుడూ విసుగ్గా ఉండేవాడు, ఏ బంధువు పెళ్ళికో బలవంతంగా తీసుకొచ్చిన పెదనాన్నలాగా. 50ల ఎపిసోడ్లలో జేన్ మెడోస్, ఫే ఎమర్సన్, తర్వాత వాటిలో బెట్సీ పామర్, 1945లో మిస్ అమెరికా అయిన బెస్ మయర్సన్ ఉండేవాళ్ళు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది ఏంటంటే బిల్ కల్లెన్‌కి చిన్నప్పుడే పోలియో వచ్చి కాలు సరిగ్గా పనిచేసేది కాదట, కుంటుతూ నడిచేవాడట, అందుకే ఆయన నడవడం స్క్రీన్ మీద దాదాపు ఎప్పుడూ చూపించేవాళ్ళు కాదు, షో మొదలయ్యేసరికే కుర్చీలో ఉండేవాడు. వారం వారం ఊళ్ళోవాళ్ళ గుట్లు లాగే షోలో, పానెల్లో కూర్చున్నాయన గుట్టు కెమెరావాళ్ళు అన్నేళ్ళు కాపాడారు. ఇది చదివాక మళ్ళీ పాత ఎపిసోడ్లు చూస్తే నా కళ్ళు ఆయన డెస్కు కిందకే పోతుంటాయి, ఏం కనపడదు.

మామూలుగా వచ్చేవాళ్ళ సీక్రెట్లు చిన్నచిన్నవి, తమాషావి. పెద్ద స్టార్లు కూడా వచ్చేవాళ్ళు, మొదటి షోలో బోరిస్ కార్లాఫ్, ఫ్రాంకెన్‌స్టైన్ సినిమాలో రాక్షసుడు వేషం వేసినాయన, ఆయన సీక్రెట్ ఎలుకలంటే భయం. సరదాగా ఉండేది. కానీ నేనూ నాన్నా పెరుగన్నం కంచం మర్చిపోయి చూసిన రాత్రి ఒకటుంది, దాని గురించి రాద్దామనే ఇదంతా మొదలుపెట్టా.

గ్యారీ మూర్ ఒక ముసలాయన్ని పిలిచాడు. బాగా పెద్దాయన, 95 ఏళ్ళు. పేరు శామ్యూల్ సేమూర్, మేరీల్యాండ్ నుంచి వచ్చాడు. షో కోసం న్యూయార్క్ వచ్చి హోటల్లో జారిపడ్డాడట, ఒక కన్ను వాచిపోయి ఉంది, వద్దులెండి తాతగారూ అన్నా వినకుండా వచ్చానని కూర్చున్నాడు. స్క్రీన్ మీద ఆయన సీక్రెట్ పడింది. జాన్ విల్క్స్ బూత్ అబ్రహాం లింకన్‌ని కాల్చడం నేను చూశాను, ఏప్రిల్ 14, 1865.

నాన్న చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నేను రెండుసార్లు చదివాను, ఏదో నాటకంలో వేషం గురించేమో అనుకున్నా. కాదు. అయిదేళ్ళ పిల్లాడప్పుడు తెలిసినావిడ ఎవరో వాషింగ్టన్‌లో ఫోర్డ్స్ థియేటర్‌కి నాటకానికి తీసుకెళ్ళిందట, అక్కడ తుపాకీ చప్పుడు, పై బాక్సులోంచి ఒక మనిషి స్టేజీ మీదకి దూకి పడ్డాడు. పిల్లాడికి లింకన్‌కి ఏమైందో తెలీదు. వాడి బాధంతా పైనుంచి కింద పడ్డ ఆ మనిషి గురించి, పాపం దెబ్బ తగిలింది, ఎవరైనా వెళ్ళి లేపొచ్చుగా అని. ఆ పడ్డవాడే చంపినవాడు.

బిల్ కల్లెన్ మొదలుపెట్టాడు, ఆ ప్రశ్నల్లోనే చరిత్రకి సంబంధించింది అని తేలిపోయింది, తర్వాత జేన్ మెడోస్ అడుగుతూ అడుగుతూ లింకన్ దగ్గరికొచ్చేసింది. పట్టేసుకుంది. అయినా సరే గ్యారీ మూర్ ఆయనకి ఎనభై డాలర్లూ ఇచ్చేశాడు, మీరు సిగరెట్లు కాల్చరు, పైపు తాగుతారని తెలిసిందని ఒక డబ్బా పైపు పొగాకు కూడా ఇచ్చాడు.

ఆ ఎపిసోడ్ 1956 ఫిబ్రవరి 9ది. ఆ తర్వాత రెండు నెలలకే, ఏప్రిల్ 12న, ఆయన పోయాడు. లింకన్ని కాల్చిన రోజుకి సరిగ్గా రెండు రోజుల ముందు. ఆ థియేటర్లో ఆ రాత్రి ఉన్నవాళ్ళలో ఆఖరి మనిషి ఆయనే.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లెక్కల్లో పడ్డాడు, అదే ఆయన అలవాటు, మనసు కదిలితే లెక్క వేస్తాడు. "1865 అంటే ఝాన్సీ లక్ష్మీబాయి పోయి ఏడేళ్ళు. మన కందుకూరి వీరేశలింగం గారు 48లో ఏప్రిల్ 16న పుట్టారు, అంటే ఇంకో రెండు రోజులకి పదిహేడు నిండుతాయి. రాజమండ్రిలో ఆయన కుర్రాడుగా ఉన్నప్పుడు ఇక్కడ ఈయన బుడ్డోడు. ఈయన టీవీలో మాట్లాడుతున్నాడు." ఆ వాక్యం రెండోసారి మెల్లగా అన్నాడు, "టీవీలో మాట్లాడుతున్నాడు." నాకూ అదే. లింకన్ అంటే అయిదో క్లాసు పుస్తకంలో గడ్డం బొమ్మ, వీధి దీపం కింద చదువుకున్న కథ (అది లింకన్ కథో ఇంకెవరి కథో కూడా గుర్తులేదు, మా మాస్టర్లు అందరికీ వీధి దీపం పెట్టేసేవాళ్ళు), అలాంటిది ఆ మనిషి ఉన్న గదిలో ఊపిరి పీల్చిన తాతగారు కన్ను వాచి పైపు పొగాకు డబ్బా పట్టుకుని నవ్వుతున్నాడు.

"56 అన్నావా?" అన్నాడు నాన్న.

"ఊఁ, ఫిబ్రవరి."

"56 నాకు బాగా గుర్తు."

నేను ఆంధ్రప్రదేశ్ వచ్చిన సంవత్సరం కదా, నవంబర్ ఒకటి, అందుకే అయుంటుందనుకున్నా. ఆయన కూడా "ఆఁ, అదే" అని ఆ రోజు ఊళ్ళో జెండాలు కట్టడం, స్కూల్లో పిప్పరమెంట్లు పంచడం అవన్నీ చెప్పాడు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికొస్తాను.

ఇంకో రాత్రి ఇంకో ఆయన వచ్చాడు, సన్నగా, బుర్ర మీద జుట్టు పల్చబడి, ఏ కాలేజీలోనో ఫిజిక్స్ చెప్పేవాడిలా. 1957 జులై 3 ఎపిసోడ్ అది. పానెల్‌కి పేరు కూడా చెప్పకుండా డాక్టర్ ఎక్స్ అన్నారు. సీక్రెట్ ఏంటంటే, ఎలక్ట్రానిక్ టెలివిజన్ నేనే కనిపెట్టాను, 14 ఏళ్ళప్పుడు, 1922లో. ఫైలో ఫార్న్స్‌వర్త్. టీవీ కనిపెట్టినవాడు టీవీలోకొచ్చి కూర్చుంటే నలుగురిలో ఒక్కళ్ళూ గుర్తుపట్టలేదు, ఒకళ్ళు అడిగారు కూడా, అదేమైనా వాడితే నొప్పి పుట్టే యంత్రమా అని, ఆయన "అవును, ఒక్కోసారి చాలా నొప్పిగా ఉంటుంది" అన్నాడు. హాలంతా పగలబడి నవ్వారు. నలుగురూ ఓడిపోయారు. ఎనభై డాలర్లు, విన్‌స్టన్ కార్టన్ తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆఫీసులో ఇంటర్నెట్‌లో వెతికి ఆయన గురించి చదివి సాయంత్రం నాన్నకి చెప్పా. ఐడహో రాష్ట్రంలో రైతు కుటుంబం. పొలంలో దున్నిన చాళ్ళు చూసి ఐడియా వచ్చిందట, బొమ్మని కూడా అలా చాలు చాలుగా చీల్చి పంపి అవతల మళ్ళీ చాలు చాలుగా పేర్చొచ్చు కదా అని. అది వెళ్ళి హైస్కూల్ కెమిస్ట్రీ మాస్టారికి బొమ్మ గీసి చూపించాడు. 1927 సెప్టెంబర్ 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో నిజంగానే చేసి చూపించాడు. తర్వాత ఆర్‌సీఏ అనే పెద్ద కంపెనీతో పేటెంట్ గొడవ వచ్చినప్పుడు ఆ కెమిస్ట్రీ మాస్టారు, జస్టిన్ టోల్‌మన్, సాక్ష్యం చెప్పాడు, పిల్లాడు గీసిచ్చిన ఆ కాగితం ఆయన దగ్గరుంది. కేసు ఫార్న్స్‌వర్త్‌ వైపు తేలింది.

నాన్నకి టీవీ సంగతి పట్టలేదు. కాగితం దగ్గర ఆగిపోయాడు. "పిల్లాడు గీసిన కాగితం అన్నేళ్ళు దాచాడా? నేనైతే వెనకాల లెక్కలు వేసి పారేసేవాణ్ణి." ఇది నాలుగైదు సార్లు అన్నాడు, ఒకసారి కూరగాయల షాపులో బెండకాయలు ఏరుతూ కూడా అన్నాడు. రిటైరయి రెండేళ్ళే అయింది అప్పటికి, ఎన్ని వందల మంది పిల్లలకి పేపర్లు దిద్దుంటాడు. ఊరి పేరు మాత్రం ఎడిసన్ అని పెట్టుకున్నారు చూశావా, ఈయన పేరు ఏ బోర్డు మీదా లేదు, అని కూడా అన్నాడు. ఐడహోలో పెట్టే ఉంటారులే అని నేను.

అన్నీ ఇలా గొంతు పట్టేసేవే కాదు. 1963లో ఒక ఎపిసోడ్లో జాన్ కేల్ అనే కుర్రాడొచ్చాడు, అతను తర్వాత వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే బ్యాండుతో పెద్ద పేరు తెచ్చుకున్నాడు, నాకు అప్పుడు తెలీదు. ఎరిక్ సాటీ అనే ఫ్రెంచ్ ఆయన రాసిన ఒకే ఒక్క చిన్న పియానో ముక్కని 840 సార్లు వాయించాలి, కొంతమంది వంతులేసుకుని 18 గంటల పైన వాయించారు, అందులో ఇతనొకడు. అతనితో పాటు ఇంకొకాయన వచ్చాడు. ఆయన సీక్రెట్ ఏంటంటే, మొదటి నుంచి చివరి దాకా కూర్చుని విన్నది నేనొక్కణ్ణే. జనం అంతా నవ్వుతున్నారు. నాన్నకి నవ్వు రాలేదు, అసలు అర్థం కాలేదు, "ఇందులో గుట్టేముంది, మనూళ్ళో ఏకాహం అంటే 24 గంటలు ఒకటే నామం, వంతులేసుకునే చేస్తారు, సప్తాహమైతే ఏడు రోజులు. మీ తాతయ్య తంబూరా పట్టుకుని ఒక్కసారి కూడా లేవకుండా కూర్చునేవాడు. ఆయన్ని పిలవాల్సింది వీళ్ళు" అన్నాడు. నిజమే, మా తాతయ్య ఆ కుర్చీలో పంచె కట్టుకుని కూర్చుని గ్యారీ మూర్ చెవిలో గుసగుసలాడటం ఊహించుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

1962 సెప్టెంబర్ 17ది ఇంకోటి. ఒహాయో నుంచి ఒక పెద్ద వయసు జంట. సీక్రెట్, మా అబ్బాయి ఈరోజు ఆస్ట్రోనాట్ అయ్యాడు. నాసా ఆ రోజే కొత్తగా తొమ్మిది మందిని ప్రకటించింది, వాళ్ళబ్బాయి అందులో ఒకడు. పేరు నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్. పేరు వినగానే నాన్న సోఫాలోంచి సగం లేచాడు. గ్యారీ మూర్ మాటల్లో మాటగా ఆ తల్లిని అడిగాడు, రేపు చంద్రుడి మీద దిగే మొదటి మనిషి మీ అబ్బాయే అయితే ఎలా ఉంటుందమ్మా అని. ఆవిడ, దేవుడు వాణ్ణి చల్లగా చూడాలి, అంతా మంచే జరగాలి, అన్నట్టు ఏదో అంది, ఏ అమ్మైనా అనేదే. చూసే మాకు తెలుసు. ఆవిడకి తెలీదు, గ్యారీ మూర్‌కి తెలీదు, హాల్లో ఉన్న ఎవ్వరికీ తెలీదు. 69 జులైలో పంచాయతీ ఆఫీసు రేడియో దగ్గర నిలబడి ఆ వార్త విన్నానని నాన్న చెప్పాడు, పక్కనున్న ఒక పెద్దాయన అంతా అబద్ధం, చందమామ మీద మనిషి నిలబడితే జారిపోడూ అన్నాడట.

ఆగస్టులో ఒక రాత్రి బ్యాచ్ జాబ్ ఒకటి పడిపోయింది, నేను డయలప్ కనెక్ట్ అవుతుందా లేదా అని ఆ కీచు శబ్దం వింటూ కూర్చుంటే నాన్న వచ్చి "నా దగ్గరా ఒకటుంది రా" అన్నాడు.

"ఏంటి?"

"గుట్టు. అడుగు. నువ్వే పానెల్, నలుగురూ నువ్వే."

పని అయిపోయాక మొదలుపెట్టాం. ఇది నువ్వు చేసిన పనా, నీకు జరిగిందా? "అవును కాదు అని వచ్చేలా అడగాలి, రూల్ తెలీదా" అని గదమాయించాడు, అచ్చం క్లాసులోలా. సరే, నువ్వు చేసిన పనేనా? అవును. నలుగురూ చేసే పనేనా? అవును, చాలామంది చేస్తారు, మన వీధిలోనే నలుగురున్నారు. అమ్మకి తెలుసా? తెలీదు. పెళ్ళికి ముందా? అవును. అమ్మాయి వ్యవహారమా? ఛీ, నోర్ముయ్. సిగరెట్టా? కాదు. దొంగతనమా? కాదు. ఇంట్లోంచి పారిపోయావా? ఇక్కడ కాస్త ఆలోచించి "పారిపోదామనుకున్నాను, అనుకున్నానంతే" అన్నాడు. నాకింక ఏమీ తట్టలేదు. గోడ గడియారం చూసి "బజర్" అన్నాడు. తర్వాత రెండు మూడు రాత్రులు ఆడాం, సినిమాల్లోకి మద్రాస్ వెళ్ళావా, మిలటరీకి వెళ్ళావా, నాటకంలో ఆడవేషం వేశావా అన్నీ అడిగా. ఒక్కటీ కాదు. జవాబు చెప్పమంటే చెప్పడు, "ఆ లింకన్ తాతగారు 90 ఏళ్ళు దాచాడు, నేను నలభై నాలుగేళ్ళు దాచలేనా" అంటాడు. నలభై నాలుగు అని నోరు జారాడు చూడండి. 2000లోంచి నలభై నాలుగు తీసేస్తే ఎంతొస్తుందో లెక్కల మాస్టారి కొడుకుని, నాకు తట్టలేదు.

సెప్టెంబర్‌లో ఎయిర్‌పోర్ట్‌లో దింపినప్పుడు నాలుగు ఇరవై డాలర్ల నోట్లు ఆయన చొక్కా జేబులో పెట్టా, పానెల్ ఓడిపోయిందని. వద్దంటాడేమో అనుకున్నా. తీసుకుని లెక్కపెట్టుకుని "సిగరెట్ కార్టన్ ఏది" అన్నాడు. ఊరెళ్ళి బ్యాంకులో మార్చి ఆ డబ్బుతో వంటింట్లో సీలింగ్ ఫ్యాన్ వేయించాడని తర్వాత అమ్మ చెప్పింది.

ఇది జరిగాక చాలా ఏళ్ళు గడిచాయి. పెళ్ళి, పిల్లలు, ఇల్లు. ఆ చానల్లో ఆ షో వేయడం ఎప్పుడో మానేశారు, నేనూ ఆ టైముకి మేలుకుని ఉండటం మానేశాను. తర్వాత యూట్యూబ్‌లో ఎవరో మహానుభావులు ఎపిసోడ్లన్నీ పెట్టారు, ఖాళీ దొరికితే చూస్తుంటా. అప్పుడు మేం చూడనివి కూడా దొరికాయి, 64లో కేఎఫ్‌సీ తాత కల్నల్ సాండర్స్ వచ్చాడు, తన వృద్ధాప్య పెన్షన్ మొదటి చెక్కుతో, 105 డాలర్లు, ఆ వ్యాపారం మొదలుపెట్టానన్నది ఆయన గుట్టు. అదే ఏడు పీట్ బెస్ట్ వచ్చాడు, బీటిల్స్ బ్యాండులోంచి తీసేసిన డ్రమ్మరు, పాపం అతని మొహం చూడలేకపోయా. 65లో, అప్పటికి హోస్టు స్టీవ్ ఆలెన్, పదిహేడేళ్ళ రే కర్జ్‌వైల్ వచ్చి పియానో మీద ఒక ట్యూన్ వాయిస్తాడు, అది తను తయారుచేసిన కంప్యూటర్ కట్టిన ట్యూన్. 65లో! ఇప్పుడు అందరూ ఏఐ పాటలు అని గోల పెడుతుంటే నాకు ఆ కుర్రాడి టై గుర్తొస్తుంది.

2015లో మా పెద్దాడికి ఆల్జీబ్రాలో సి వచ్చింది. ఆ రోజు అమ్మతో ఫోన్‌లో ఉండగానే వాణ్ణి అరిచా, తాతయ్య లెక్కల మాస్టారు, నీకు సి ఏంట్రా, ఆయనకి తెలిస్తే ఏమనుకుంటాడు అని. అమ్మ అటునుంచి తాపీగా "ఎందుకురా పిల్లాణ్ణి అలా అరుస్తావు, మీ నాన్న ఎస్సెల్సీలో లెక్కల్లోనేగా తప్పింది" అంది.

నేను ఫోన్ పట్టుకుని వంటింట్లోంచి గరాజ్‌లోకి వెళ్ళిపోయా.

56 మార్చి పరీక్షల్లో అన్నీ పాసయ్యి లెక్కల్లో పోయిందట. ఎండాకాలమంతా బావి దగ్గర కూర్చుని లెక్కలు చేశాడట, సెప్టెంబర్‌లో మళ్ళీ కట్టి గట్టెక్కాడట. ఆ కసితోనే లెక్కలు పట్టుకున్నాడో ఏమో. ఆ మనిషే నా చిన్నప్పుడు కారణాంకాలు తప్పు చేస్తే స్కేలు అంచుతో వేళ్ళ మీద కొట్టేవాడు, వీధిలో పిల్లలందరికీ ఆయనంటే ఒకటే వణుకు, వాళ్ళ నాన్నలు కూడా లెక్కల మాస్టారు వస్తున్నారని బీడీలు పారేసేవాళ్ళు. మన వీధిలోనే నలుగురున్నారు అన్నాడే, ఆ నలుగురూ ఆయన దగ్గరే ట్యూషన్ చదివి తప్పినవాళ్ళు.

"నీకెప్పుడు తెలుసమ్మా?"

"పెళ్ళైన మొదటి సంక్రాంతికి మీ మేనత్త చెప్పింది."

"మరి నాన్న నీకు తెలీదనుకుంటున్నాడే."

"అనుకోనీ. నన్నెప్పుడూ అడగలేదుగా."

అంటే ఆట మొదటి నుంచీ అమ్మకి స్క్రీన్ మీద అక్షరాలు కనపడుతూనే ఉన్నాయి, ఆడుతున్నది మేమిద్దరమే. నాన్నకి ఇప్పుడు ఎనభై దాటి చాలా అయింది, చూపు తగ్గింది, ఫేస్‌బుక్ చూడడు, అందుకే ధైర్యంగా రాస్తున్నా, మా చుట్టాలెవరైనా చదివితే దయచేసి ఆయన చెవిలో ఊదకండి.

పోయిన డిసెంబర్‌లో వెళ్ళినప్పుడు ట్యాబ్‌లో ఆ లింకన్ తాతగారి ఎపిసోడ్ పెట్టా. మధ్యాహ్నం పన్నెండున్నర, ఈసారి నిజంగా పన్నెండున్నరే, నాన్న పెరుగన్నం తింటున్నాడు, పైన అదే ఫ్యాన్, ఇప్పుడు టకటకమంటోంది. ముసలాయన్ని చూసి "కన్ను వాచింది రా ఈయనకి" అన్నాడు, మొదటిసారి చూస్తున్నట్టే. అమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అయిపోయాక నా వైపు తిరిగి "నాది ఇంకా కనుక్కోలేదుగా నువ్వు" అన్నాడు.

"లేదు నాన్నా."

"అడుగు మరి, ఒకటి ఇస్తున్నా."

నేను చాలా ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, "సర్కస్‌లో గానీ చేరావా?" అన్నా.

అమ్మ చిక్కుడుకాయల్లోంచి తల ఎత్తలేదు. నాన్న నవ్వి, ఎడమ చెయ్యి నా ముందు చాపాడు.

"బజర్. ఇరవై డాలర్లు తియ్."